సస్పెన్షన్ చీటీ వెనుక: అమెరికా బడుల్లో అబాలిషనిస్ట్ బోధన

అమెరికా బడిలో ఒక పిల్లవాణ్ణి క్లాసు నుంచి ఆఫీసుకు పంపాలంటే టీచర్ ఒక ఫారం నింపాలి. దాన్ని ఆఫీసు రిఫరల్ అంటారు. ఒకప్పుడు కార్బన్ కాగితం మీద ఉండేది, ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్ తెర మీదకి వచ్చింది. పిల్లవాడి పేరు, తరగతి, సమయం, చోటు (క్లాసా, వరండానా, భోజనాల హాలా, బస్సా), తప్పు పేరుకు ఒక గడి, కింద నాలుగు వాక్యాలు రాసుకోవడానికి ఖాళీ ఉంటాయి. తప్పుల జాబితాను కాస్త నిదానంగా చదివితే అందులో రెండు జాతులు కనిపిస్తాయి. సిగరెట్ కాల్చడం, గోడ పాడుచేయడం, చెప్పకుండా బడి దాటి వెళ్ళిపోవడం లాంటివి ఎవరు చూసినా ఒకటే. అమర్యాద, ధిక్కారం, మితిమీరిన గోల లాంటివి చూసేవాళ్ళని బట్టి మారతాయి. ఒక పెద్ద నగరంలోని మాధ్యమిక పాఠశాలల రికార్డులు తిరగేసి 2002లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఇదే తేల్చింది. తెల్ల పిల్లలు ఎక్కువగా మొదటి రకం తప్పులకు ఆఫీసు మెట్లెక్కారు, నల్ల పిల్లలు రెండో రకానికి ఎక్కారు.

ఈ ఫారం ముందు కూర్చుని రెండు ప్రశ్నలు వేసుకోవచ్చు. రంగు చూడకుండా దీన్ని నింపడం ఎలా అన్నది సంస్కరణ ప్రశ్న. అసలు ధిక్కారం అనే గడి ఇందులో ఎందుకుంది, అది తీసేస్తే ఆ చోట ఏముండాలి అన్నది అబాలిషనిస్ట్ (రద్దు కోరే) ప్రశ్న. రెండో ప్రశ్నలో మళ్ళీ రెండు ముక్కలున్నాయి. తీసెయ్యడం గురించి నినాదాలు, తిట్లు, కోర్టు కేసులు బోలెడు. ఆ చోట ఏముండాలన్న దాని గురించి పని తక్కువ, డబ్బు ఇంకా తక్కువ. గత పదిపదిహేనేళ్ళలో ఈ ఆలోచన ఎక్కడ నిలబడింది, ఎక్కడ బోల్తా కొట్టింది అని వెతికితే, తేడా చాలాసార్లు ఆ చివరి ముక్క దగ్గరే దొరుకుతుంది.

మాట ఎక్కడిది

అబాలిషన్ అంటే రద్దు. అమెరికాలో ఆ మాట చెప్పగానే తట్టేది పంతొమ్మిదో శతాబ్దపు బానిసత్వ నిర్మూలన ఉద్యమం. దాన్ని బడికి చేర్చి ‘అబాలిషనిస్ట్ టీచింగ్’ అన్న పేరును వాడుకలోకి తెచ్చినవారిలో ముఖ్యురాలు విద్యా పరిశోధకురాలు బెట్టీనా లవ్. 2019లో వచ్చిన పుస్తకంలో ఆమె వాదన స్థూలంగా ఇది: నల్ల పిల్లలకు బడి ఇస్తున్నది ప్రాణం నిలుపుకునే నేర్పు మాత్రమే, వాళ్ళకి ఓర్పు, పట్టుదల అని గుణపాఠాలు చెప్పడం మానేసి, వాళ్ళను అణిచే ఏర్పాట్లను తీసెయ్యాలి.

కానీ ఈ వాదానికి వెన్నెముక అంతకు చాలా ముందే తయారైంది. 1935లో నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్, అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలం గురించి రాస్తూ ‘అబాలిషన్ డెమోక్రసీ’ అన్న మాట వాడారు. సంకెళ్ళు తెంచడం ఒక్కటే చాలదు, విడుదలైన మనిషి మనిషిగా బతకడానికి భూమి, బడి, ఓటు లాంటివి కొత్తగా కట్టాలి అన్నది అందులోని సారం. 1865లో అమెరికా రాజ్యాంగ పదమూడో సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. కట్టే పని కోసం, విడుదలైన బానిసలకు సాయంగా ప్రభుత్వం అదే ఏడాది పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో 1872కల్లా మూతపడింది. ఆ మరుసటి ఏడాది, 1873లో, పూణేలో జ్యోతిరావు ఫూలే తన ‘గులాంగిరీ’ని బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. ఇక్కడ అంకితం అచ్చయ్యేనాటికి అక్కడ ఆఫీసుకు తాళం పడింది.

నల్లవాళ్ళ చదువు చరిత్రలో ఈ తీరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. దక్షిణ కరోలినా 1740లో బానిసలకు రాయడం నేర్పితే వంద పౌండ్ల జరిమానా అని చట్టం చేసింది. చదవడం జోలికి పోలేదు, రాతనే పట్టుకుంది. కారణం తెలిసిందే: బానిస తోట దాటి వెళ్ళాలంటే యజమాని రాసిచ్చిన చీటీ ఉండాలి, రాయడం వస్తే ఆ చీటీ తానే రాసుకోగలడు. బానిసగా పుట్టి తర్వాత ఉద్యమ నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ మొదటిసారి పారిపోవాలని చూసినప్పుడు సరిగ్గా ఆ పనే చేశారు, తోటివాళ్ళకు కూడా చీటీలు రాసిచ్చారు. 1831లో నాట్ టర్నర్ నడిపిన బానిసల తిరుగుబాటు తర్వాత దక్షిణాది రాష్ట్రాలు ఇలాంటి చట్టాలను ఇంకా బిగించాయి. ఉత్తరాది ఏమంత ఉదారం కాదు. కనెక్టికట్‌లో ప్రూడెన్స్ క్రాండల్ నల్ల ఆడపిల్లలకు బడి నడిపితే, బయటి రాష్ట్రాల నల్ల పిల్లలకు ఊరి అనుమతి లేకుండా చదువు చెప్పడం నేరమని 1833లో ఏకంగా చట్టం తెచ్చారు. ఆ బడి మరుసటి ఏడాదే మూతపడింది.

విడుదలయ్యాక నల్ల సమాజం తన బడులు తానే కట్టుకుంది. 1912 నుంచి 1932 వరకు దక్షిణాదిలో లేచిన రోజెన్‌వాల్డ్ బడులు దాదాపు అయిదు వేలు. దాత రోజెన్‌వాల్డ్ సొమ్ము కొంతే, మిగతాది ప్రభుత్వం నుంచీ ఊళ్ళ నుంచీ రావాలి. పత్తి చేలో పనిచేసేవాళ్ళు చిల్లర పోగేసి, చెక్క కోసి, స్థలమిచ్చి తమ వాటా కట్టారు. ఆ భవనాల నమూనాలో పొడుగాటి కిటికీల వరసలు తూర్పుపడమరలుగా ఉండేవి. కరెంటు లేని ఊళ్ళో రోజంతా వెలుతురు అందాలి కదా.

1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు నల్ల, తెల్ల పిల్లలకు వేరు బడులను రద్దు చేసింది. చేయాల్సిందే. కానీ బడులు కలిసినప్పుడు నల్ల పిల్లలు తెల్ల బడులకు వెళ్ళారు, నల్ల టీచర్లు ఇళ్ళకు వెళ్ళారు. తర్వాతి దశాబ్దంలో 17 రాష్ట్రాల్లో 38,000 మందికి పైగా నల్ల టీచర్లూ ప్రిన్సిపాళ్ళూ ఉద్యోగాలు పోగొట్టుకున్నారని లెక్క. ఆ పిల్లల మీద నమ్మకమున్న పెద్దలు బడిలో లేకుండా పోయారు. రద్దు జరిగింది, నిర్మాణం జరగలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ 1964 వేసవిలో మిసిసిపిలో నడిచిన ఫ్రీడమ్ స్కూళ్ళు. నలభైకి పైగా బడులు, రెండు వేలకు పైగా విద్యార్థులు. చర్చి నేలమాళిగల్లో, వరండాల్లో, చెట్ల కింద నడిచాయి. పాఠ్యప్రణాళికకు ఆధారం కొన్ని ప్రశ్నలు: పైవర్గపు సంస్కృతిలో మనకు కావాల్సింది ఏమిటి, అక్కర్లేనిది ఏమిటి, మన దగ్గర ఉన్నవాటిలో నిలుపుకోవాల్సింది ఏమిటి? ఆ పిల్లలకే చదవడం, రాయడం, పౌరశాస్త్రం కూడా నేర్పారు, పత్రికలు నడిపించారు. ఈ రోజు అబాలిషనిస్ట్ బోధన అని చెప్పుకునే ఏ పాఠ్యప్రణాళికనైనా ఈ మూడు ప్రశ్నల పక్కన పెట్టి చూస్తే అందులో బరువెంతో తెలిసిపోతుంది.

గడి తీసేశాక

ఇప్పటి వివాదం ఎక్కువగా క్రమశిక్షణ చుట్టూ తిరుగుతోంది. 1994లో వచ్చిన గన్ ఫ్రీ స్కూల్స్ చట్టం, బడికి తుపాకీ తెచ్చిన పిల్లలను కనీసం ఏడాది బహిష్కరించాలని రాష్ట్రాలకు షరతు పెట్టింది. తుపాకీకి పెట్టిన కాఠిన్యం త్వరలోనే ‘జీరో టాలరెన్స్’ పేరుతో కొట్లాటకీ, ఎదురుమాటకీ పాకింది. 1999లో కొలంబైన్ హైస్కూల్లో కాల్పుల తర్వాత బడి వరండాల్లోకి పోలీసులు వచ్చారు. కేంద్ర విద్యాశాఖ 2017-18 లెక్కల ప్రకారం మొత్తం విద్యార్థుల్లో నల్ల పిల్లలు 15 శాతం, సస్పెండై ఇంటికి వెళ్ళినవాళ్ళలో 38 శాతం. బడిలో అరెస్టయిన వాళ్ళలో దాదాపు మూడో వంతు వాళ్ళే. నర్సరీలో కూడా ఇంతే: పిల్లల్లో 18 శాతం, సస్పెన్షన్లలో 43 శాతం. నాలుగేళ్ళ పిల్లను సస్పెండ్ చేయడమేమిటన్న ప్రశ్న వేరే. ఆ ఒక్క ఏడాది సస్పెన్షన్ల వల్ల దేశం మొత్తమ్మీద పోయిన బడిరోజులు కోటీ పది లక్షల పైమాటే.

అల్లరి ఎక్కువ చేస్తారు కాబట్టి శిక్షలు ఎక్కువ అనేవాళ్ళున్నారు. దాన్ని పరీక్షించడానికి 2015లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు టీచర్లకు ఒకే పిల్లవాడి రెండు చిన్న తప్పుల కథ ఇచ్చారు. కొన్ని కాగితాల మీద నల్లవాళ్ళలో ఎక్కువగా వినిపించే పేరు, మిగతావాటి మీద తెల్లవాళ్ళలో వినిపించే పేరు రాశారు. మిగతా అక్షరం మార్చలేదు. మొదటి తప్పు దగ్గర టీచర్ల స్పందనలో పెద్ద తేడా లేదు. రెండో తప్పు దగ్గర మాత్రం నల్ల పేరు చూసినవాళ్ళకు చిరాకు ఎక్కువైంది, కఠిన శిక్ష వెయ్యాలనిపించింది. పక్షపాతం ఒక్క చూపులో పుట్టడం లేదు, ‘వీడింతే’ అని ముద్ర పడే చోట పుడుతోంది. టీచర్‌కు పనికొచ్చే సంగతి ఇది: రెండో చీటీ రాసే ముందు ఆగడం మొదటిదాని ముందు ఆగడం కంటే ముఖ్యం.

మరో సంగతి అధికారులకు పనికొస్తుంది. కాలిఫోర్నియాలోని ఒక పెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్ రికార్డులతో 2023లో వచ్చిన అధ్యయనంలో, అందరికంటే ఎక్కువ రిఫరల్స్ రాసిన 5 శాతం టీచర్ల నుంచే మొత్తం చీటీల్లో మూడో వంతుకు పైగా వచ్చాయి. జాతుల మధ్య అంతరాన్ని వాళ్ళ చీటీలే దాదాపు రెట్టింపు చేశాయి. వాళ్ళలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు ఎక్కువ. అంటే వంద మంది టీచర్లకు ఒక పూట ఆడిటోరియంలో పక్షపాతం మీద ఉపన్యాసం ఇప్పించడం డబ్బు దండగ. ఆ అయిదుగురి క్లాసుల్లో అనుభవమున్న ఒక టీచర్‌ను కొన్ని వారాలు కూర్చోబెట్టడం మేలు.

కాబట్టి తొలి మెట్టు లెక్క. ఉదాహరణకు ఒక బడిలో 800 మంది, అందులో 160 మంది నల్ల పిల్లలు, 320 మంది తెల్ల పిల్లలు అనుకుందాం. ఏడాదిలో సస్పెండైనవాళ్ళు నల్ల పిల్లల్లో 40, తెల్ల పిల్లల్లో 24. శాతాలు 25, 7.5. ఒకదాన్ని మరోదానితో భాగిస్తే 3.3 రెట్లు. ఇక్కడితో ఆపేస్తే ఏమీ తెలియదు. ఆ 40 మంది చీటీలనూ తప్పు పేరు, చోటు, గంట, రాసిన టీచర్ వారీగా విడగొట్టాలి. సాధారణంగా ఒక కుప్ప తేలుతుంది: భోజనం తర్వాతి పీరియడ్, ఒక వరండా మలుపు, లేదా సెలవులో ఉన్నవాళ్ళ బదులు వచ్చిన ఒక టీచర్ క్లాసు. దానికి మందు చాలాసార్లు గంట మార్చడమో, వరండాలో ఒక పెద్దమనిషిని నిలబెట్టడమో అవుతుంది.

లెక్కలో మోసం కూడా ఇక్కడే. సస్పెన్షన్లు తగ్గించాలని పైనుంచి ఒత్తిడి వస్తే కొన్ని బడులు చీటీ రాయకుండానే తల్లికి ఫోన్ చేసి ‘ఈ రోజుకి తీసుకెళ్ళండి’ అంటాయి. సస్పెన్షన్ గదికి ‘ఆలోచనా గది’ అని బోర్డు మార్చి పిల్లవాణ్ణి రోజంతా అక్కడే కూర్చోబెడతాయి. కాగితం మీద అంకె పడిపోతుంది, పిల్లవాడు మాత్రం పాఠంలో లేడు. అందుకే ఎన్ని సస్పెన్షన్లు అని అడగకూడదు. ఏ పిల్లవాడు ఎన్ని నిమిషాలు పాఠానికి దూరంగా ఉన్నాడో అడగాలి.

సర్కిల్ అంటే పంచాయితీ కాదు

సస్పెన్షన్ చోట ఎక్కువ బడులు పెట్టుకున్నది రెస్టొరేటివ్ పద్ధతి. తప్పు జరిగితే ఏ నియమం మీరారు, ఏ శిక్ష వెయ్యాలి అని అడగరు. ఎవరికి దెబ్బ తగిలింది, దాన్ని బాగుచేయడానికి ఎవరేం చేయాలి అని అడుగుతారు. తెలుగువాళ్ళకు చప్పున రచ్చబండ గుర్తొస్తుంది. పోలిక సగమే. రచ్చబండ మీద పెద్దలు తీర్పు చెబుతారు. ఇక్కడ నడిపేమనిషికి తీర్పు చెప్పే హక్కు లేదు.

నడిచే తీరు దగ్గర్నుంచి చూస్తే ఇలా ఉంటుంది. బల్లలు పక్కకు జరిపి కుర్చీలు గుండ్రంగా వేస్తారు. చేతిలో పట్టుకునే వస్తువు ఒకటి చేతులు మారుతుంటుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, అక్కర్లేదనుకుంటే పక్కవాళ్ళకు ఇచ్చెయ్యొచ్చు. ఏం జరిగింది, అప్పుడు ఏమనుకున్నావు, తర్వాత ఏమనిపించింది, ఎవరికి నష్టం కలిగింది, ఇప్పుడు ఏం చేస్తే సరవుతుంది? ఈ ప్రశ్నలే అందరికీ, ఇదే వరసలో. ఎందుకు చేశావు అన్నది ఈ జాబితాలో ఉండదు. ఎందుకు అనగానే పిల్లలు సాకులు చెబుతారు, పెద్దలు వాదిస్తారు. చివర్లో ఒప్పందం రాస్తారు: ఎవరు, ఏమిటి, ఏ తేదీలోగా.

ఆ గుండ్రం చాలా పనికి చివర మాత్రమే వస్తుంది. అంతకు ముందు నడిపేమనిషి ఇద్దరినీ విడివిడిగా కలవాలి. దెబ్బ తిన్న పిల్లకు ఇష్టం లేదంటే అక్కడితో ఆపాలి. బలవంతంగా ఎదురెదురు కూర్చోబెడితే ఆమెకు రెండో దెబ్బ. ఒప్పందం తర్వాత రెండు మూడు వారాలకు మళ్ళీ కలిసి జరిగిందా లేదా చూడాలి. కొట్లాటకు చేసే ఒక్క సర్కిల్‌కు ముందూ వెనుకా కలిపి పెద్దల సమయం నాలుగైదు గంటలు సులువుగా పోతుంది. అదే ప్రిన్సిపాల్ సస్పెండ్ చేస్తే పావుగంట. ఈ తేడా ఎవరి జేబులోంచి వస్తుందో ముందే తేల్చకపోతే, అది ఆరు పీరియడ్లు చెప్పే టీచర్ మధ్యాహ్నం భోజనం గంటలోంచి వస్తుంది. ఆర్నెల్లకు ఆమె మళ్ళీ చీటీలు రాయడం మొదలుపెడుతుంది, ‘ఆ పద్ధతి మా బడిలో పనిచేయలేదు’ అంటారు.

ఇంకో పొరపాటు మరీ తరచుగా కనిపిస్తుంది. కొట్లాట లేనప్పుడు వారానికోసారి మామూలు మాటల కోసం కూర్చోని క్లాసు, కొట్లాట రోజున హఠాత్తుగా గుండ్రంగా కూర్చుంటే ఎవరూ నోరు తెరవరు. కొంతమంది టీచర్లు ‘సారీ చెప్పు’తో ముగిస్తారు. పిల్లలు రెండో వారానికే కనిపెడతారు: సారీ అంటే బయటపడొచ్చు. తప్పు టీచర్‌ది అయినప్పుడు ఆమె కూడా అదే కుర్చీలో కూర్చుని అవే ప్రశ్నలకు జవాబివ్వకపోతే, అది కొత్త పేరు పెట్టిన పాత కోర్టే.

దీని మీద అన్నింటికంటే గట్టి సాక్ష్యం పిట్స్‌బర్గ్‌ది. అక్కడ 44 బడుల్లో 22ని లాటరీతో ఎంచి, 2015-17 మధ్య రెండేళ్ళు ఈ పద్ధతి నడిపారు. 2018లో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ నివేదిక ఇచ్చింది. సస్పెన్షన్ వల్ల పోయిన రోజులు ఈ బడుల్లో 36 శాతం తగ్గాయి, మిగతావాటిలో 18 శాతం. నల్ల, తెల్ల పిల్లల మధ్య తేడా తగ్గింది. బడి వాతావరణం బాగుపడిందని టీచర్లు చెప్పారు. అయితే మాధ్యమిక తరగతుల్లో, అంటే 6 నుంచి 8 వరకు, సస్పెన్షన్లు తగ్గలేదు, పైగా చదువు ఫలితాలు దెబ్బతిన్నాయి. ఈ వాదాన్ని మెచ్చేవాళ్ళు మొదటి సగాన్ని, తిట్టేవాళ్ళు రెండో సగాన్ని చెబుతారు. రెండూ ఒకే నివేదికలోవి. ఆ వయసు పిల్లలకు రోజుకు ఆరేడుగురు టీచర్లు మారతారు, ఏ ఒక్కరితోనూ బంధం కుదరదు. బంధం మీద ఆధారపడే పద్ధతి అక్కడ తడబడటం వింతేమీ కాదు.

పోలీసుల విషయంలోనూ ఇదే. 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి హత్య జరిగిన ఎనిమిదో రోజున ఆ నగర స్కూల్ బోర్డు పోలీసులతో ఒప్పందం తెంచుకుంది. డెన్వర్ బోర్డు కూడా ఆ జూన్‌లోనే అలా తీర్మానించింది. డెన్వర్‌లో 2023 మార్చిలో ఒక హైస్కూల్లో ఏం జరిగిందో చూడాలి. ఒక విద్యార్థిని రోజూ లోపలికి వచ్చేటప్పుడు తడిమి చూడాలని రక్షణ ప్రణాళికలో రాశారు. ఆ పని బడి డీన్ల (పిల్లల క్రమశిక్షణ చూసే అధికారుల) మీద పడింది. తడుముతుండగా అతను కాల్చడంతో ఇద్దరు డీన్లు గాయపడ్డారు. జూన్‌కల్లా బోర్డు పోలీసులను తిరిగి రప్పించింది. పోలీసు వెళ్ళాడు, అతని పని వెళ్ళలేదు, శిక్షణ లేని చేతుల్లో పడింది. ఓక్లాండ్ కూడా 2020 జూన్‌లోనే తన స్కూల్ పోలీసు విభాగాన్ని రద్దు చేసింది. కానీ అక్కడ రెస్టొరేటివ్ పద్ధతి 2005 నుంచీ ఒక బడిలో మొదలై పాకుతూ వచ్చింది, పోలీసులు వద్దన్న ప్రచారాన్ని బ్లాక్ ఆర్గనైజింగ్ ప్రాజెక్ట్ 2011 నుంచీ నడిపింది. ఒక చోట ఎనిమిది రోజులు, మరో చోట తొమ్మిదేళ్ళు.

కూలీ, వెట్టి

పాఠాల సంగతి. 2015లో టెక్సస్ పిల్లల భూగోళం పుస్తకంలో ఒక పటం కింద, ఆఫ్రికా నుంచి లక్షల మంది ‘వర్కర్లు’ తోటల్లో పనిచేయడానికి వచ్చారన్న అర్థంలో అచ్చయింది. ఒక తల్లి గోల పెట్టాక ప్రచురణకర్తలు దిద్దారు. తెలుగువాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. కూలికీ వెట్టికీ తేడా తెలిసిన భాష మనది. బానిసను కూలీ అనడం అబద్ధం చెప్పడమే, కాకపోతే మర్యాదగా.

రెండో వైపు గోతి కూడా అంతే లోతు. జార్జియాలో 2012లో ఒక ప్రాథమిక పాఠశాలలో, చరిత్రను లెక్కలతో కలపాలన్న ఉత్సాహంతో, ఫ్రెడరిక్‌కు రోజుకు రెండుసార్లు దెబ్బలు పడితే వారానికి ఎన్ని అని లెక్క ఇచ్చారు. బానిసల వేలాన్ని క్లాసులో నాటకంగా ఆడించడం ఇంకో పాత జబ్బు. నాటకంలో ఎవరు వేలం బల్ల ఎక్కుతారో ఊహించడం కష్టం కాదు. ఇలాంటి చోట పాటించాల్సింది చిన్నదే: బాధను అనుభవింపజేయొద్దు, పత్రాలు చదివించండి. పారిపోయిన బానిసల కోసం పత్రికల్లో వచ్చిన ప్రకటన ఒకటి తీసుకుని, యజమాని రాసిన ఆ నాలుగు వరసల్లోంచి పారిపోయిన మనిషి గురించి ఏమేం తెలుస్తుందో రాయమంటే చాలు. వచ్చిన చేతిపని, మాట్లాడే భాషలు, ఎవరి కోసం ఏ ఊరి వైపు వెళ్ళి ఉంటుందన్న అనుమానం, అన్నీ అందులో ఉంటాయి. ఒక పీరియడ్ సరిపోతుంది. పిల్లలకు బాధితురాలికి బదులు మనిషి కనిపిస్తుంది.

ఇలాంటి పాఠాల వల్ల మార్కులు పెరుగుతాయా? శాన్‌ఫ్రాన్సిస్కోలో తొమ్మిదో తరగతిలో ఎత్నిక్ స్టడీస్ (అమెరికాలోని వేర్వేరు జాతుల చరిత్ర, సంస్కృతి) కోర్సుపై 2017లో వచ్చిన అధ్యయనంలో, ఎనిమిదిలో వెనుకబడ్డ పిల్లల హాజరు 21 శాతం పాయింట్లు, సగటు గ్రేడు 1.4 పాయింట్లు పెరిగాయి. అంత పెద్ద ఫలితం విద్యలో అరుదు. అయితే ఆ కోర్సును చెప్పింది ఏళ్ళ తరబడి దాన్ని స్వయంగా తయారుచేసుకున్న కొద్దిమంది టీచర్లు. అదే పుస్తకం వెయ్యి బడులకు పంపి, వారం శిక్షణతో చెప్పిస్తే అదే ఫలితం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక ఎవరు చెబుతున్నారన్నది. అమెరికా ప్రభుత్వ బడుల్లో పదిమంది టీచర్లలో ఎనిమిదిమంది తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు 6 శాతమే. ప్రాథమిక తరగతుల్లో కనీసం ఒక్క నల్ల టీచర్ దగ్గర చదివిన నల్ల పిల్లలు కాలేజీకి వెళ్ళే అవకాశం 13 శాతం ఎక్కువని ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. దీన్ని చదివిన అధికారులు చేసే తప్పు, ఉన్న ఒక్క నల్ల టీచర్‌కు బడిలో అల్లరిపిల్లలందరినీ అప్పజెప్పడం. రెండేళ్ళలో ఆ మనిషి ఉద్యోగం మానేస్తాడు. 1954 తర్వాత పోయినవాళ్ళను తిరిగి తెచ్చుకునే పని ఇలా మళ్ళీ వెనక్కు పోతుంది.

తెలుగు ఇళ్ళలో ఈ చర్చ

ఈ వివాదం డల్లాస్, వర్జీనియా, బే ఏరియా తెలుగు ఇళ్ళ భోజనాల బల్లల దాకా వచ్చింది, అదీ సస్పెన్షన్ గుమ్మంలోంచి కాకుండా అడ్మిషన్ గుమ్మంలోంచి. వర్జీనియాలోని థామస్ జెఫర్సన్ హైస్కూల్ 2020లో ప్రవేశ పరీక్షనూ, వంద డాలర్ల దరఖాస్తు రుసుమునూ తీసేసి, ప్రతి మిడిల్ స్కూల్ నుంచి ఎనిమిదో తరగతి పిల్లల్లో 1.5 శాతానికి సీట్లు కేటాయించింది. మొదటి ఏడాదే నల్ల పిల్లల వాటా ఒక శాతం నుంచి 7కి పెరిగింది, ఆసియా పిల్లలది 73 నుంచి 54కు తగ్గింది. భారతీయ తల్లిదండ్రులూ చేరిన ఒక సంఘం కోర్టుకు వెళ్ళింది. ఓడింది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించింది.

ఎంసెట్ ర్యాంకులు చూసి పెరిగిన తరానికి పరీక్ష అంటే న్యాయం. వేరే ప్రమాణం అంటే అనుమానం. ఆ అనుమానం పూర్తిగా గాలిలోది కూడా కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో 2014 నుంచి సమానత్వం పేరుతో ఎనిమిదో తరగతి ఆల్‌జీబ్రాను తీసేసింది. పైతరగతి లెక్కల్లో జాతుల మధ్య దూరం పెద్దగా తగ్గలేదని 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు. స్థోమత ఉన్నవాళ్ళు బయట డబ్బు కట్టి చదివించుకున్నారు, లేనివాళ్ళకు మెట్టు పోయింది. 2024 మార్చిలో ఓటర్లు ఆల్‌జీబ్రా తిరిగి కావాలన్నారు. నల్ల పిల్లలకు ఆరో తరగతి నుంచే మంచి లెక్కల టీచర్లను, అదనపు గంటలను ఇవ్వాల్సిన చోట, పై మెట్టు నరికారు. దీన్ని అబాలిషన్ అనడం ఆ మాటకు అన్యాయం. తెలుగు తల్లిదండ్రులు మరిచేది ఒకటుంది: బ్రౌన్ తీర్పు నుంచి 1965 వలస చట్టం దాకా నల్లవాళ్ళ ఉద్యమం తెరిచిన గుమ్మాల్లోంచే మనవాళ్ళూ ఆ దేశంలోకి, ఆ బడుల్లోకి నడిచారు.

రాజకీయ గాలి ఇప్పుడు ఎదురు దిశలో ఉంది. ఫ్లోరిడా 2022లో జాతి గురించి బోధనపై ఆంక్షల చట్టం తెచ్చింది. శిక్షల్లో జాతి తేడాలను గమనించాలని 2014లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను 2018లోనే వెనక్కి తీసుకున్నారు. 2025 జనవరిలో బోధన మీద, ఏప్రిల్‌లో క్రమశిక్షణ మీద అధ్యక్ష ఉత్తర్వులు వచ్చాయి. అబాలిషనిస్ట్ అన్న మాట చాలా డిస్ట్రిక్ట్‌ల కాగితాల్లోంచి మాయమైంది. పని మాత్రం వేరే పేర్లతో సాగుతోంది. పేరు పోవడం పెద్ద నష్టం కాకపోవచ్చు.

ఆ పని చట్టంగా మారిన చోటు కాలిఫోర్నియా. ధిక్కారం అన్న ఒక్క కారణంతో ఇంటికి పంపడాన్ని ఆ రాష్ట్రం అంచెలంచెలుగా ఆపింది: 2014 చట్టంతో మూడో తరగతి దాకా, 2019 చట్టంతో ఎనిమిది దాకా, 2023 చట్టంతో పన్నెండు దాకా. అయిదో తరగతి వరకు ఇది శాశ్వతం, ఆపై తరగతులకు 2029 జులై 1 వరకే గడువు. ఆ 2023 చట్టంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని భాగం ఒకటుంది. టీచర్ పిల్లవాణ్ణి ఆఫీసుకు పంపితే, అధికారి అయిదు పనిదినాల్లో ఏం సాయం చేశారో రాసి, ఆ టీచర్‌కు చెప్పాలి. ఏమీ చేయకపోతే ఎందుకు చేయలేదో రాయాలి. అంటే ఫారంలో ఒక గడి పోయి, ఆఫీసు నింపాల్సిన గడి ఒకటి వచ్చింది. ఒక కౌన్సిలర్‌కు 250 మంది పిల్లలు మించకూడదన్నది ఆ వృత్తి సంఘం సిఫారసు, కాలిఫోర్నియాలో చాలా బడులు దాన్ని ఎప్పుడో దాటేశాయి. ఆ కొత్త గడిలో ‘తల్లితో మాట్లాడాం’ అని మూడు వందల చీటీల మీద ఒకే వాక్యం కనిపిస్తే, 2029లో ఆ గడువు ఎటు పోతుందో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు.